ట్యాబ్‌లో అంకెలన్నీ సరిగానే వాయిస్తున్నాను, పాట మాత్రం వినిపించడం లేదు: బేస్ గిటార్‌పై రాక్ పాటలు

నాలుగుతీగలు (వరంగల్)

సభ్యులందరికీ నమస్కారం. నాలుగు తీగల బేస్ గిటార్ కొనుక్కుని కొంతకాలంగా సొంతంగా సాధన చేస్తున్నాను. మా ఊళ్లో గిటార్ నేర్పేవారు ఉన్నారు గానీ బేస్ ప్రత్యేకంగా నేర్పేవారు నాకు దొరకలేదు. అందువల్ల నెట్‌లో దొరికే ట్యాబ్‌లనే (తీగలను గీతలుగా, వేలు పెట్టే చోటును అంకెగా చూపే లిపి) పాఠ్యపుస్తకంగా పెట్టుకుని, నాకు ఇష్టమైన పాత రాక్ పాటలను ఒక్కొక్కటిగా పట్టుకునే ప్రయత్నం చేస్తున్నాను. ప్రస్తుతం ద వైట్ స్ట్రైప్స్ వారి ‘సెవెన్ నేషన్ ఆర్మీ’, క్వీన్ వారి ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’ నా ముందున్నాయి.

ట్యూనర్ పెట్టి ఇ, ఎ, డి, జి తీగలను శ్రుతి చేసుకుంటున్నాను. ట్యాబ్‌లో ఉన్న ఫ్రెట్ (వాద్యం మెడపై అడ్డ గీతల మధ్య గడి) అంకెలను తప్పు లేకుండా వరుసగా వాయించగలుగుతున్నాను. అయినా పక్కన రికార్డింగు పెట్టుకుని కలిసి వాయిస్తే రెండు బార్‌లలోనే (బార్ అంటే ఒక ఆవర్తం వంటి బీట్ల గుంపు) దారి తప్పుతున్నాను; ఒంటరిగా వాయిస్తే ఇంట్లోవాళ్లకు అది ఏ పాటో అర్థం కావడం లేదు. పైగా ఒకే పాటకు మూడు ట్యాబ్‌లు దొరికితే మూడింటిలోనూ వేర్వేరు తీగలపై వేర్వేరు అంకెలు ఉంటున్నాయి. వాటిలో ఏది నమ్మాలి? మరొక చిన్న సందేహం కూడా ఉంది. వాద్యం ఒళ్లో పెట్టుకుని కిందికి చూస్తే లావు తీగ నా ముఖానికి దగ్గరగా, అంటే పైన కనిపిస్తుంది. ట్యాబ్‌లో మాత్రం అది అన్నిటికంటే కింద ఉంటుంది. దీనికి ఏమైనా కారణం ఉందా, లేక ఊరికే అలవాటు చేసుకోవలసిందేనా?

మంద్రస్థాయి (హైదరాబాద్)

నాలుగుతీగలు గారూ, మీరు ఎంచుకున్న రెండు పాటలూ మీ సమస్య ఎక్కడుందో చూపించడానికి చక్కగా సరిపోతాయి. ట్యాబ్ మీకు వేలు ఎక్కడ పెట్టాలో చెబుతుంది. ఎప్పుడు మీటాలో సగం సగంగా చెబుతుంది. మీటిన స్వరాన్ని ఎప్పుడు ఆపాలో దాదాపు చెప్పనే చెప్పదు. బేస్ వాద్యంలో ఈ మూడోదే ఎక్కువ బరువైనది.

‘సెవెన్ నేషన్ ఆర్మీ’ని చూడండి. ట్యాబ్‌లో ఎ తీగ మీద 7, 7, 10, 7, 5, 3, 2 అని ఏడు అంకెలు వరుసగా ఉంటాయి. కొత్తవారు ఆ ఏడింటినీ సమాన దూరంలో వాయించేస్తారు, కనుకనే పాట గుర్తుపట్టలేకుండా పోతుంది. రికార్డింగు వింటే మొదటి 7 బాగా సాగుతుంది, రెండో 7 పొట్టిగా తెగుతుంది, తర్వాతి మూడూ ఒకదాన్నొకటి తరుముతూ వస్తాయి, చివరి 3, 2 మాత్రం ఒక్కొక్కటి రెండేసి బీట్ల పాటు నిలబడి ఒక పూర్తి బార్‌ను నింపుతాయి. ఈ సమాచారంలో ఒక్క అక్షరం కూడా ఆ అంకెలలో లేదు.

ఏ పాటకూ చెందని చిన్న అభ్యాసం ఒకటి కింద ఇస్తున్నాను. పై వరుసలో ఉన్నవి బీట్లు, కూడిక గుర్తు ప్రతి బీట్‌లోని రెండో సగం.

```
   1 + 2 + 3 + 4 +
జి|----------------|
డి|------------5---|
ఎ|--------3-5---5-|
ఇ|5-5---5---------|
```

రెండో బీట్ మొదటి సగం దగ్గర ఖాళీ ఉంది కదా. అక్కడ రెండో స్వరం ఇంకా మోగుతూ ఉండాలా, లేక పూర్తిగా నిశ్శబ్దం ఉండాలా? గీతలను ఎంతసేపు చూసినా తెలియదు. మోగనిస్తే ఈ వరుస బద్ధకంగా, బ్లూస్ ఛాయతో నడుస్తుంది. వేలి ఒత్తిడి సడలించి అక్కడ తెంపితే ఇదే వరుస డిస్కో తరహాలో చురుగ్గా మారుతుంది. రెండు రకాలుగానూ వాయించి చూడండి. తర్వాత ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’ దగ్గరకు వెళ్లి క్వీన్ బేస్ వాద్యకారుడు జాన్ డీకన్ ఏ స్వరాన్ని ఎక్కడ తెంపాడో మాత్రమే వినండి. స్వరాలను కాదు, వాటి మధ్య ఖాళీలను లెక్కించండి. 1980లో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరిన ఆ పాట ఆకర్షణ చాలావరకు ఆ ఖాళీలలోనే ఉందని నా అభిప్రాయం.

లయవిశాఖ (విశాఖపట్నం)

మంద్రస్థాయి గారి మాటకు ఒక ఆచరణ మార్గం జోడిస్తాను. నేను చిన్నప్పుడు మృదంగం నేర్చుకుని తర్వాత బేస్ వైపు వచ్చినవాడిని. ఆంగ్లంలో ‘ఒన్ అండ్ టూ అండ్’ అని లెక్కపెట్టడం నా నోటికి ఎప్పుడూ పట్టలేదు. ఒక బీట్‌ను రెండుగా చీల్చితే ‘తక’, నాలుగుగా చీల్చితే ‘తకధిమి’ అనుకుంటూ ట్యాబ్‌ను ముందు నోటితో చదవండి. వాద్యాన్ని ముట్టుకోకుండా, పాదంతో బీట్ వేస్తూ, ఏ అంకె ఏ అక్షరం మీద పడుతుందో పలకగలిగిన తర్వాతే తీగ మీద చెయ్యి వేయండి.

దీని ప్రయోజనం ఎక్కడ బాగా తెలుస్తుందంటే, ఐరన్ మెయిడెన్ వారి పాటలలో వినిపించే గుర్రపు దౌడు లయలో. ‘తకధిమి’లో ‘క’ను పలకకుండా ఆ చోటును ఖాళీగా వదిలేస్తే ‘తా, ధిమి, తా, ధిమి’ అని వస్తుంది. ఒక పొడుగు, రెండు పొట్టి. 1983లో వచ్చిన ‘ద ట్రూపర్’ నిండా ఉన్నది ఇదే. ఆ బృందపు బేస్ వాద్యకారుడు స్టీవ్ హ్యారిస్ దీనిని పిక్ (మీటడానికి వాడే చిన్న బిళ్ల) లేకుండా వేళ్లతోనే వాయిస్తాడు. ట్యాబ్‌లో ఇది ఒకే అంకె మూడేసి సార్లు గుంపులుగా కనిపిస్తుంది, అంతే. ఆ గుంపులో మొదటిది మిగిలిన రెండింటికంటే రెట్టింపు పొడుగని నోటికి తెలియకపోతే మూడింటినీ సమానంగా వాయించి, పాటను వేరే నడకలోకి దించేస్తాం.

స్టాఫ్‌పక్షం (బెంగళూరు)

పైన ఇద్దరూ చెప్పినది చదివిన తర్వాత నాకు వచ్చిన సహజమైన ప్రశ్న ఏమిటంటే, కాలాన్ని చెప్పలేని లిపిని పట్టుకుని ఇంత తంటాలు పడటం ఎందుకు? స్టాఫ్ నొటేషన్‌లో, అంటే ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపిలో, ప్రతి స్వరం ఎంతసేపు నిలవాలో, ఎక్కడ నిశ్శబ్దం ఉండాలో స్పష్టంగా రాసి ఉంటుంది. బేస్‌కు వాడేది ఒక్క బేస్ క్లెఫ్ (ఏ గీత ఏ స్వరమో చెప్పే, తగ్గు స్వరాలకు వాడే గుర్తు) మాత్రమే. ఎక్కువ భాగం ఒక్కసారికి ఒక్క స్వరమే వాయిస్తాం కనుక పియానో నేర్చుకునేవారికి ఉన్నంత కష్టం మనకు ఉండదు. రోజూ కొంత సమయం కేటాయిస్తే చదవడం వచ్చేస్తుంది, వచ్చాక ఏ వాద్యం వారితోనైనా ఒకే భాషలో మాట్లాడుకోవచ్చు.

పింక్ ఫ్లాయిడ్ వారి 1973 నాటి ‘మనీ’ని ఉదాహరణగా తీసుకోండి. రోజర్ వాటర్స్ వాయించిన ఆ రిఫ్ (పదేపదే తిరిగి వచ్చే స్వరాల వరుస) బార్‌కు ఏడు బీట్లతో నడుస్తుంది. శాక్సోఫోన్ సోలో కూడా ఏడులోనే సాగి, గిటార్ సోలో మొదలయ్యేసరికి పాట నాలుగు బీట్లకు మారుతుంది. నేను చూసిన టెక్స్ట్ ట్యాబ్‌లలో ఈ మార్పు గురించి ఒక్క సూచన కూడా లేదు. స్టాఫ్‌లో అయితే బార్ మొదట్లోనే 7/4 అనీ, తర్వాత 4/4 అనీ కళ్లకు కనబడుతుంది.

పాతరికార్డు (డల్లాస్)

స్టాఫ్‌పక్షం గారూ, మీ ఫిర్యాదు న్యాయమైనదే గానీ ముద్దాయి మారాడు. కాలం చెప్పకపోవడం ట్యాబ్ పద్ధతిలోనే ఉన్న లోపం కాదు. 1507లో వెనిస్ నగరంలో ఒట్టావియానో పెట్రూచీ అచ్చువేసిన ల్యూట్ (గిటార్ వంటి పాత తీగల వాద్యం) పుస్తకాలు ట్యాబ్ లిపిలోనే ఉన్నాయి, వాటిలో గీతల మీద ఉన్న అంకెలకు పైన కాలాన్ని సూచించే కాడల గుర్తులు కూడా ఉన్నాయి. అంటే 500 ఏళ్ల కిందటి ట్యాబ్ వేలు ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు మీటాలో రెండూ చెప్పేది.

1990ల మొదట్లో నెట్‌లో గిటార్ ప్రియులు పాటలను పంచుకోవడం ప్రారంభించినప్పుడు వారి చేతిలో ఉన్నది వట్టి టైపు అక్షరాలను మాత్రమే మోయగల న్యూస్‌గ్రూపులు అనే చర్చావేదికలు. చిన్న గీతలనూ అంకెలనూ టైపు చేయడం సులువు, కాడలను గీయడం కుదరదు; కనుక కాలం గుర్తులు అక్కడే రాలిపోయాయి. 1992లో మొదలైన ఆన్‌లైన్ గిటార్ ఆర్కైవ్ ఆ టైపు ట్యాబ్‌లను వేల సంఖ్యలో పోగుచేసింది, సంగీత ప్రచురణకర్తల అభ్యంతరాలతో 2006లో మూతబడింది, కానీ అప్పటికే ఆ రూపమే ‘ట్యాబ్ అంటే ఇదే’ అన్నట్టు స్థిరపడిపోయింది. గిటార్ ప్రో వంటి సాఫ్ట్‌వేర్ వచ్చాక అంకెల కింద కాడలు, బార్ గీతలు, 7/4 వంటి సూచనలు మళ్లీ చేరాయి. కనుక నాలుగుతీగలు గారికి నా సలహా: వట్టి టైపు ట్యాబ్ కంటే కాలం గుర్తులున్న ట్యాబ్‌ను ఎంచుకోండి, రెండూ దొరికితే మొదటిదాన్ని పక్కన పెట్టేయండి.

ఇక గీతలు తలకిందులుగా ఉన్నాయన్న సందేహం. ఆనాటి ఇటాలియన్ ల్యూట్ ట్యాబ్‌లో మీరు కోరుకున్న అమరికే ఉండేది. లావు తీగ పై గీత, సన్న తీగ కింది గీత, అంటే వాయించేవాడి కంటికి కనబడినట్టే. ఈనాటి ట్యాబ్ మాత్రం స్టాఫ్‌లో లాగా హెచ్చు స్వరం పైన, తగ్గు స్వరం కింద ఉండాలన్న లెక్కతో నడుస్తుంది. కారణం తెలిసినా అలవాటు చేసుకోక తప్పదు, అయితే అది తొందరగానే అలవాటవుతుంది.

స్టాఫ్‌పక్షం (బెంగళూరు)

చరిత్రకు ధన్యవాదాలు. అయితే కాడలు చేర్చిన ట్యాబ్‌ను చదవాలంటే కాడల అర్థం తెలియాలి కదా, అది స్టాఫ్‌లో సగం చదువే. ఆ సగం నేర్చుకున్నవారు మిగిలిన సగానికి ఎందుకు భయపడాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మంద్రస్థాయి (హైదరాబాద్)

భయపడనవసరం లేదు, కానీ స్టాఫ్ చెప్పలేనిది కూడా ఒకటి ఉంది, నాలుగుతీగలు గారి రెండో ప్రశ్న సరిగ్గా దాని గురించే. ఒకే స్వరం బేస్ మీద రెండు మూడు చోట్ల దొరుకుతుంది. మన నాలుగు తీగలూ ఒకే దూరంలో శ్రుతి చేయబడి ఉంటాయి కనుక లెక్క చాలా తేలిక: ఒక తీగ నుంచి పక్కనున్న సన్న తీగకు మారితే అదే స్వరం ఐదు ఫ్రెట్లు వెనక్కు వస్తుంది. ఓపెన్ (ఏ ఫ్రెట్‌నూ నొక్కని) డి తీగ, ఎ తీగ 5వ ఫ్రెట్, ఇ తీగ 10వ ఫ్రెట్ మూడూ ఒకే స్వరం. స్టాఫ్ ఈ మూడింటికీ ఒకే చుక్క పెడుతుంది.

క్రీమ్ బృందం 1967లో విడుదల చేసిన ‘సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్’కు జాక్ బ్రూస్ కట్టిన రిఫ్‌ను చూడండి. ఒక ట్యాబ్‌లో అది జి తీగ 7వ ఫ్రెట్ దగ్గర మొదలై డి తీగ మీదుగా ఎ తీగ 5వ ఫ్రెట్‌కు దిగుతుంది. మరొకదానిలో డి తీగ 12 దగ్గర మొదలై ఎ తీగ 12, 11, 10 మీదుగా ఇ తీగ 10కి చేరుతుంది. స్వరాలు రెండింటిలోనూ ఒకటే, కనుక రెండూ తప్పు కావు. తేడా ధ్వనిలో ఉంది. లావు తీగ మీద పై ఫ్రెట్లలో వాయిస్తే స్వరం మందంగా, గుండ్రంగా, కాస్త మసకగా వస్తుంది. సన్న తీగ మీద కింది ఫ్రెట్లలో వాయిస్తే అదే స్వరం పదునుగా, స్పష్టంగా వస్తుంది. రెండు విధాలా వాయించి, రికార్డింగుకు ఏది దగ్గరగా ఉందో మీ చెవితోనే తేల్చుకోండి.

చేతి సౌకర్యం కూడా లెక్కలోకి వస్తుంది. సాధారణంగా దొరికే 34 అంగుళాల బేస్‌పై మొదటి ఫ్రెట్ ఒక్కటే సుమారు 48 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, 12 దాటాక వెడల్పు అందులో సగానికి పడిపోతుంది. మొదటి నాలుగు ఫ్రెట్లకు నాలుగు వేళ్లు అందక మణికట్టు నొప్పి పుడుతుంటే అక్కడ ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ కలిపి ఒకే వేలిలా వాడండి. డబుల్ బేస్ వాద్యకారులలో ఇది స్థిరపడిన పద్ధతి. లేదా ఆ వరుసనే ఐదో ఫ్రెట్ ప్రాంతానికి జరుపుకోండి. ట్యాబ్ రాసినవాడి చెయ్యి మీ చెయ్యి ఒకటి కాదు కనుక అతని అంకెలను మార్చుకునే హక్కు మీకు పూర్తిగా ఉంది.

పాతరికార్డు (డల్లాస్)

ట్యాబ్‌ను నమ్మడం గురించి ఇంకొంత చెప్పాలి. ప్రతి ట్యాబ్‌నూ ఎవరో ఒకరు విని రాసిన అభిప్రాయంగా చూడండి, మూలప్రతిగా కాదు. ‘సెవెన్ నేషన్ ఆర్మీ’ విషయమే తీసుకుంటే, 2003 నాటి ఆ రికార్డింగులో బేస్ గిటార్ అసలే లేదు. బృందంలో ఉన్నది ఇద్దరే, ఒకరు డ్రమ్స్, ఒకరు గిటార్. జాక్ వైట్ గిటార్‌నే వామ్మీ అనే పెడల్ ద్వారా ఒక ఆక్టేవ్ (పూర్తి స్థాయి) కిందికి దించి ఆ రిఫ్ వాయించాడు. అందువల్ల మీ బేస్ ఎంత బాగా శ్రుతి చేసినా ఆ ధ్వని అచ్చంగా రాకపోతే బెంగ పెట్టుకోకండి.

దీనికి తలకిందులైన ఉదాహరణ మెటాలికా వారి 1984 నాటి ‘ఫర్ హూమ్ ద బెల్ టోల్స్’. దాని ఆరంభంలో వినిపించే కరకు స్వరాలను చాలామంది గిటార్ అనుకుంటారు. అది డిస్టార్షన్, వా పెడల్‌లతో క్లిఫ్ బర్టన్ వాయించిన బేస్. ఏసీ డీసీ వారి ‘హైవే టు హెల్’లో చరణాల దగ్గర బేస్ మౌనంగా ఉండి పల్లవికి వచ్చి కలుస్తుంది, ట్యాబ్‌లో అక్కడ ఖాళీ బార్‌లు కనబడితే రాసినవారు వదిలేశారని అనుకుని మీరు నింపకూడదు, ఆ ఖాళీ ఉండబట్టే పల్లవికి అంత బలం వస్తుంది.

శ్రుతి కూడా చూసుకోండి. గన్స్ ఎన్ రోజెస్ వారి 1987 నాటి తొలి ఆల్బమ్‌లో వాద్యాలన్నీ అర స్వరం దించి ఉన్నాయి. నిర్వాణా వారి ‘కమ్ యాజ్ యు ఆర్’ పూర్తి స్వరం దించి ఉంది. ట్యాబ్ తలపై ఆ విషయం రాసి ఉంటే దాన్ని దాటేసి సరాసరి అంకెల మీదకు వెళ్లకండి. అంకెలు సరిగా ఉండి మొత్తం పాట ఒకే దూరంలో అపశ్రుతిగా వినిపిస్తోందంటే కారణం చాలాసార్లు ఇదే.

నాలుగుతీగలు (వరంగల్)

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు ముందు నోటితో పలికి తర్వాత వాయిస్తే ‘సెవెన్ నేషన్ ఆర్మీ’ని మా చెల్లెలు పక్క గదిలో నుంచే గుర్తుపట్టింది. అయితే మీరంతా రికార్డింగు విని తేల్చుకోమంటున్నారు, నాకు అక్కడే ఇబ్బంది వస్తోంది. చాలా పాటలలో నాకు బేస్ విడిగా వినపడటం లేదు. గిటార్, డ్రమ్స్, గొంతు వినిపిస్తాయి, కింద ఏదో గుమ్మన్న శబ్దం ఉందని తెలుస్తుంది, అది ఏ స్వరమో మాత్రం పట్టుకోలేకపోతున్నాను. ఫోన్‌లో వింటున్నాను.

మంద్రస్థాయి (హైదరాబాద్)

చివరి వాక్యంలో జవాబు కూడా మీరే ఇచ్చారు. బేస్ ఇ తీగ ఓపెన్ స్వరం సెకనుకు సుమారు 41 కంపనాలు. ఎ తీగ 55. అంత చిన్న స్పీకర్ ఆ కంపనాలను పుట్టించలేదు. మీకు వినిపిస్తున్నది ఆ స్వరానికి పైన పుట్టే అనుస్వరాలు మాత్రమే, వాటిని కూడా గిటార్ కప్పేస్తుంది. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు కొనండి. ఖరీదైనవి అక్కర్లేదు.

తర్వాత ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాటను తెరిచి మీకు కష్టంగా ఉన్న నాలుగు బార్‌లను మాత్రం ఎంచుకుని స్థాయిని ఒక ఆక్టేవ్ పైకి జరపండి. గొంతు ఉడుతలా కీచుమంటుంది, నవ్వొస్తుంది, పట్టించుకోకండి. బేస్ మాత్రం గిటార్ మంద్రస్థాయిలోకి ఎక్కి, మీ చెవి సులువుగా పట్టుకునే చోటికి వస్తుంది. అదే సాఫ్ట్‌వేర్‌లో శ్రుతి మారకుండా వేగం తగ్గించుకునే వీలు కూడా ఉంది. అర స్వరం దించిన పాటల కోసం ప్రతిసారీ తీగలు వదులు చేయడం విసుగనిపిస్తే పాటనే అర స్వరం పైకి జరిపి మీ మామూలు శ్రుతిలోనే వాయించుకోవచ్చు.

1960ల నాటి కొన్ని స్టీరియో రికార్డింగులలో బేస్‌ను ఒక పక్క ఛానల్‌లోనే పెట్టేవారు. అటువంటి పాట దొరికితే ఆ వైపు హెడ్‌ఫోన్ ఒక్కటే చెవికి పెట్టుకోండి, సగం పని అయిపోతుంది.

లయవిశాఖ (విశాఖపట్నం)

వినడం మొదలుపెట్టాక బేస్‌ను విడిగా వెతక్కండి, డ్రమ్స్‌లోని కిక్‌తో (పాదంతో కొట్టే పెద్ద డ్రమ్) కలిపి వెతకండి. రాక్ పాటలలో చాలాసార్లు బేస్ స్వరం కిక్ దెబ్బతో పాటే పడుతుంది. ముందు కిక్ ఎక్కడ పడుతోందో బల్ల మీద వేలితో కొట్టండి, తర్వాత అక్కడ ఏ స్వరం ఉందో వినండి. తెలుగు సినిమా పాటలకు బేస్ ట్యాబ్‌లు అరుదు కనుక ఈ పద్ధతి మీకు ముందుముందు అక్కడ కూడా పనికొస్తుంది.

నాలుగుతీగలు (వరంగల్)

హెడ్‌ఫోన్లతో నిజంగానే తేడా తెలిసింది. ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’లో ఇ స్వరం మూడుసార్లు పడి ఆగిపోతుందని ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. కానీ ఆ స్వరం ఓపెన్ ఇ తీగ మీద ఉంది. ఫ్రెట్ మీద వేలు ఉంటే సడలించి ఆపగలను. ఓపెన్ తీగ మీద వేలే లేదు కదా, దాన్ని ఎలా ఆపాలి? ఎడమ చేతి వేలితో తాకితే కొన్నిసార్లు గంటలాంటి సన్నని శబ్దం వస్తోంది.

మంద్రస్థాయి (హైదరాబాద్)

ఆ గంట శబ్దం హార్మోనిక్. 5, 7, 12 ఫ్రెట్ల గీతలకు సరిగ్గా పైన ఒక్క వేలితో తేలిగ్గా తాకితే తీగ ఆగడానికి బదులు పై స్వరంతో మోగుతుంది. అందుకే ఓపెన్ తీగను ఆపేటప్పుడు ఒక్క వేలితో కాకుండా రెండు మూడు వేళ్లను పక్కపక్కనే పరచి, నొక్కకుండా, తీగ మీద ఆనించాలి. రెండు చోట్ల తాకిన తీగ దాదాపు మోగదు.

కుడి చేత్తోనూ ఆపవచ్చు. చూపుడు వేలితో మీటిన తర్వాత మధ్య వేలిని తదుపరి దెబ్బకు సిద్ధంగా అదే తీగ మీద ముందుగానే ఆనిస్తే స్వరం అక్కడే తెగుతుంది. ఖాళీ అయ్యాక అదే వేలు మీటుతుంది. రెండు చేతులూ కలిసి చేస్తే ఇంకా శుభ్రంగా వస్తుంది. సన్న తీగల మీద వాయించేటప్పుడు కుడి బొటనవేలిని ఇ తీగ మీద ఆనించి ఉంచండి, లేకపోతే అది తనంతట తానే మోగుతూ మొత్తం గజిబిజి చేస్తుంది. యాంప్ శబ్దం పెంచినప్పుడే ఈ తేడా బయటపడుతుంది కనుక అప్పుడప్పుడూ ఇంట్లోవాళ్ల అనుమతి తీసుకుని పెద్దగా పెట్టుకోండి.

స్టాఫ్‌పక్షం (బెంగళూరు)

నాలుగుతీగలు గారికి ఒక పాట సూచిస్తాను, ట్యాబ్‌తోనే నేర్చుకోండి, అభ్యంతరం లేదు. యూటూ వారి 1987 నాటి ‘విత్ ఆర్ వితౌట్ యు’. ఆడమ్ క్లేటన్ దాదాపు పాటంతా డి, ఎ, బి, జి అనే నాలుగు స్వరాలనే, బార్‌కు ఒకటి చొప్పున, బీట్‌కు రెండుసార్లు మీటుతూ తిప్పుతాడు. ట్యాబ్‌లో ఒక్క వరుసకు మించి రాయవలసింది లేదు. ఎడమ చేతికి పని లేదు కనుక మీ దృష్టంతా కుడి చేతి మీదే నిలుస్తుంది. ఎనిమిది దెబ్బలూ ఒకే బరువుతో పడుతున్నాయా, చూపుడు వేలి దెబ్బ గట్టిగా, మధ్య వేలి దెబ్బ మెత్తగా పడుతోందా అన్నది ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. పాట నెమ్మదిగా మొదలై పోనుపోను పెరుగుతుంది. ఆ పెరుగుదలను వేగంతో కాకుండా వేళ్ల బలంతో తీసుకురావాలి. దానికి ట్యాబ్‌లోనూ గుర్తు ఉండదు. స్టాఫ్‌లో ఉంటుంది, ఆ మాట అనకుండా ఉండలేను.

పాతరికార్డు (డల్లాస్)

మంచి ఎంపిక. ఒక్క జాగ్రత్త: డి స్వరాన్ని ఓపెన్ తీగ మీద కాకుండా ఎ తీగ 5వ ఫ్రెట్ మీద పట్టుకోండి, ఎ స్వరాన్ని ఇ తీగ 5 మీద, బి స్వరాన్ని ఇ తీగ 7 మీద, జి స్వరాన్ని ఇ తీగ 3 మీద. నాలుగూ వేలితో పట్టినవే అయితే ధ్వని ఒకే రకంగా ఉంటుంది, ఎప్పుడు ఆపాలన్నా మీ వేలి కిందే ఉంటుంది.

నాలుగుతీగలు (వరంగల్)

ఈ వారం ఇదే పట్టుకుంటాను. మెట్రోనోమ్ ఎంత వేగంలో పెట్టి మొదలుపెట్టాలి?

లయవిశాఖ (విశాఖపట్నం)

అసలు పాట నిమిషానికి 110 బీట్ల ప్రాంతంలో ఉంటుంది. మీరు 60తో మొదలుపెట్టండి, ‘తక, తక’ అని పలుకుతూ. నాలుగు బార్‌ల చక్రం తడబాటు లేకుండా పూర్తయ్యాకే వేగం పెంచండి, ఒక్కసారికి ఐదుకు మించి పెంచకండి. 90 దాటాక మెట్రోనోమ్ ఆపేసి, వేగం తగ్గించిన రికార్డింగు పెట్టుకుని డ్రమ్స్‌తో కలవండి.